మావయ్య మీద నిఘా

సాయంత్రం షికారు నుంచి వచ్చి మా మావయ్య గుమ్మంలో అడుగు పెట్టగానే మా అత్తయ్య ఆయన చొక్కా వాసన చూస్తుంది. చెప్పులు విప్పేదాకా కూడా ఆగదు. పెళ్లయిన కొత్తలో సైతం ఆవిడ ఆయనకి అంత దగ్గరగా నిలబడి ఉండదు. ఇంకేదో అనుమానం అనుకునేరు. ఆవిడ వెతికేది నెయ్యి వాసన, యాలకుల వాసన, వేడి బన్ను వాసన.

మావయ్య పేరు నీలకంఠం. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. గాజువాకలో మా ఫ్లాట్లోనే, నాతో, వాళ్లబ్బాయి, అంటే మా ఆయన అశోక్‌తో కలిసి ఉంటారు ఇద్దరూ. మావయ్యకి షుగర్. ఎడమ కాలి బొటనవేలికి పుండు పడి మానడం లేదు. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని సీతమ్మధారలో డాక్టరు చెప్పాడు. అన్నం మానేయమన్నాడు. అక్కడే ఆహారం సంగతి చూసే నర్గీస్ అనే అమ్మాయి, అన్నం బదులు గోధుమలు నానబెట్టి ఉడికించి పెట్టమంది. పిండి కాదు, రవ్వ కాదు, గోధుమలే.

"గోదుమల సంగతి నాకు సెప్పాలేటి," అంది అత్తయ్య బయటికొచ్చాక. ఆవిడది మాడుగుల పక్క పల్లె. హల్వా కోసం గోధుమలు నానబోసే ఇంట్లో పుట్టి పెరిగింది. అలాంటి మనిషికి నేనేం చెప్తాను. మా వంటింట్లో నాకు ఎలాగూ ఓటు హక్కు లేదు.

ఆ మర్నాటి నుంచి ఇల్లంతా గోధుమలే. బకెట్లో నానే గోధుమలు, పులిసిన వాసన, గ్రైండర్ చప్పుడు. నేను ఆఫీసు హడావుడిలో బాక్సు సర్దుకుంటుంటే పక్కనే ఆవిడ కొంగు బిగించి, రుబ్బిన ముద్దని గుడ్డలో వేసి పిండుతూ ఉండేది. మధ్యాహ్నం మావయ్య కంచంలో తెల్లగా, జిగురుగా ఒక ముద్ద. పంచదార లేదు, నెయ్యి లేదు. ఉప్పు, మజ్జిగ, అంతే. ఒకసారి నేనూ రుచి చూశాను. దాంతో గోడలకి సినిమా పోస్టర్లు అంటించుకోవచ్చు. మావయ్య మాత్రం కిక్కురుమనకుండా మింగేవాడు.

అంత నిష్ఠగా తిన్నా రక్తపరీక్షలో షుగర్ దిగలేదు సరికదా, పెరిగింది. అక్కడి నుంచి మొదలైంది నిఘా.

పంచదార డబ్బా బీరువాలోకి వెళ్లింది. బెల్లం ఎక్కడికి వెళ్లిందో ఇప్పటికీ నాకు తెలీదు. నేను టీలోకి పంచదార కావాలంటే తాళాల గుత్తి వచ్చి, చెంచాడు కొలిచి పోసి వెళ్లేది. ఇక మావయ్యకి రోజూ విచారణే.

"అశోకు నాన్నా, ఏటి తిన్నావ్?"

"ఏటీ తిన్నేదే."

"మూతేటి, జిడ్డోడతంది?"

"సెమటే. బయట ఎండ సూసినావా?"

ఆవిడ నమ్మేది కాదు. నిజం చెప్పొద్దూ, నాకూ నమ్మకం కలిగేది కాదు. ఆ ముద్ద తిని బతికే మనిషి ఎక్కడో ఒకచోట రహస్యంగా పకోడీ తినకుండా ఎలా ఉంటాడు?

అనుమానమంతా జిలానీ బాషా మీద పడింది. పోర్టులో మావయ్యతో కలిసి పనిచేసిన మనిషి. ఇప్పుడు మా పక్క వీధిలో బేకరీ నడుపుతున్నాడు. మావయ్య షికారు వెళ్లేది ఆ కొట్టు ముందు బల్ల దాకానే. ఒకరోజు మావయ్య చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో బిస్కెట్ తునకలు కనబడ్డాయి.

"ఈది కుక్కలకేసినానే," అన్నాడు మావయ్య.

"కుక్కలకేసినోడివి, ఒకటి నువ్వు నోట్లో ఏసుకోనేదా?"

ఆవిడ అక్కడితో ఆగితే బాగుండేది. నన్ను వెంటబెట్టుకుని బేకరీకి వెళ్లింది. పిల్లల కోసం కేకు కొంటున్న వాళ్ల ముందే నిలదీసింది.

"బావా బావా అంటావు. బావ కాలు తీయించేత్తావేటి?"

జిలానీ బాషా చేతిలో అట్టపెట్టె అలాగే ఉండిపోయింది. "అల్లా మీద ఒట్టు సెల్లెమ్మా. టీ కూడా పంచదార ఏయకుండా ఇత్తన్నాను బావకి," అన్నాడు. నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది. అత్తయ్యకి మాత్రం ఆ ఒట్టు కూడా అనుమానంగానే తోచింది. ఇంత తొందరగా ఒట్టు పెట్టాడంటే ఏదో ఉందంటుంది దారంతా.

షికారు రద్దయింది. మావయ్య బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కాలు ఎదురుగా స్టూలు మీద. కింద వీధిలోంచి జిలానీ బాషా చెయ్యి ఊపితే, అత్తయ్య వంటింట్లో ఉందో లేదో చూసుకుని తనూ ఊపేవాడు. కాసేపు కిందికి వెళ్లనిమ్మని అత్తయ్యని అడుగుదామనిపించేది. కానీ వేలు పోతుందన్న భయం నాకూ ఉంది మరి.

గడప దాటకుండా ఉన్నా షుగర్ మళ్లీ పెరిగింది. రిపోర్టు చూసి అత్తయ్య తల నెమ్మదిగా నా వైపు తిప్పింది.

"బయటోల్లు కాదు. ఇంట్లోనే ఎవులో ఎడతన్నారు."

ఇంట్లో ఉన్నది నలుగురం. అశోక్ రాత్రికి గానీ రాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా హ్యాండ్ బ్యాగు తీసుకొచ్చి ఆవిడ ముందు బోర్లించాను. ఆవిడ ఏమాత్రం మొహమాట పడకుండా దువ్వెన పక్కకి తోసి మరీ వెతికింది.

ఆ వారమే సీతమ్మధార వెళ్లాం. డాక్టరు కట్టు విప్పి చాలాసేపు చూశాడు. ఈ ఒక్కసారికి ఆగుతానని, వచ్చే నెల కూడా షుగర్ ఇలాగే ఉంటే వేలు ఉంచలేనని చెప్పి, నర్గీస్ గదికి పంపాడు.

"ఏం తింటున్నారు?" అంది నర్గీస్.

"ఆయన్నే అడుగమ్మా. నానెట్టింది కాక ఇంకేటి తింతన్నాడో," అంది అత్తయ్య.

"అది తర్వాత అడుగుతాను. గోధుమలు మీరెలా వండుతున్నారో చెప్పండి ముందు."

అత్తయ్య కుర్చీలో సర్దుకుంది. పనితనం గురించి అడిగేవాళ్లు ఇన్నాళ్లకి దొరికారు. గోధుమలు మూడ్రోజులు నానబోస్తానంది. రోజూ నీళ్లు మారుస్తానంది. మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండి, పాలు తీసి, తేరాక పైన తేట వంపేసి, అడుగున చిక్కటి పాలు మాత్రమే ఉడకబెడతానంది. "హల్వాకి తీసినట్టే తీత్తాను. పంచదార మాత్రం ఏయను."

రాసుకుంటున్న నర్గీస్ చెయ్యి ఆగింది.

"మరి పిప్పి?"

"కింద ఆవుకి ఎడతాను."

"అమ్మా," అంది నర్గీస్ మెల్లగా, "ఆవుకి పెడుతున్నదే ఈయనకి కావాల్సింది. పొట్టు మొత్తం పోతే మిగిలేది ఉత్త పిండి. మీరు పంచదార వేయకపోయినా అది రక్తంలోకి వెళ్లేసరికి పంచదారే. నేను గింజల్ని గింజల్లాగే ఉడికించమన్నాను."

తప్పు నాదీ ఉంది. రోజూ నా పక్కనే పిండుతుంటే చూశాను కదా.

"పళ్లు కదులుతన్నాయి కదా ఆయనకి," అంది అత్తయ్య. "నమల్లేడని…" ఆవిడ ఒళ్లో చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. మావయ్య ఆ చేతుల వంక చూశాడు.

"అది కాదమ్మా," అన్నాడు నర్గీస్‌తో. "నానే తిన్నాను. జిలానీ కొట్లో బన్నులు. రోజూ. ఈవిడికి తెల్దు. ఈవిడ వంట మంచిదే."

నర్గీస్ అయోమయంగా ఇద్దర్నీ చూసి, పైన రాసింది కొట్టేసి "బయటి తిండి" అని రాయబోయింది. ఆ మాట రాసిందంటే రేపట్నుంచి మళ్లీ అదే ముద్ద, వచ్చే నెల వేలు. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య చెయ్యి బల్ల మీదికి వచ్చి ఆ కాగితాన్ని అదిమి పట్టింది.

"రాయకమ్మా. అబద్దం."

"నాను సెప్తన్నాను కదే…" అన్నాడు మావయ్య.

"ఊరుకో," అంది అత్తయ్య. నర్గీస్ వైపు తిరిగింది. "ఈ మనిసి అబద్దమాడితే సెవులు ఎర్రబడతాయమ్మా. సూడు, ఎలాగున్నాయో. ఇన్నాల్లూ గుమ్మంలో నిలబెట్టి అడిగినాను. ఒక్కపాలీ ఎర్రబడనేదు."

మావయ్య తల దించుకున్నాడు.

"రోజూ సూసినాను," అంది అత్తయ్య, ఈసారి ఆయనతో. "సూసి కూడా నమ్మనేదు. నిన్ను నమ్మితే తప్పు నా వంటదౌతాది కదా."