దిమ్మ అడుగు

చోడవరంలో బెల్లం వ్యాపారం చేసే తిమోతికి మెరిసే సరుకంటే ఒళ్లుమంట. బెల్లం దిమ్మ ఎంత నిగనిగలాడితే అందులో అంత రంగు మందు కలిసిందని ఆయన లెక్క. ఆ ఆదివారం ప్రార్థన ముగించుకుని క్లబ్బుకొచ్చి, చదరంగం బల్లకు అవతల నవ్వుతూ కూర్చున్న సాయిదత్తను చూడగానే అలాంటి దిమ్మే గుర్తొచ్చింది.

సాయిదత్తది ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటరు ఉద్యోగం. ఫోనులో ఆట నేర్చి, మూడు నెలల్లో క్లబ్బులో అందర్నీ ఓడించాడు, ఒక్క తిమోతిని తప్ప. ఈ ఆట కూడా గెలిస్తే వచ్చే వారం మాడుగుల జట్టు మీద పోటీలో చోడవరం మేటి ఆటగాడు కూర్చునే మొదటి బల్ల అతనిదే. పదకొండేళ్లుగా ఆ కుర్చీ తిమోతిది.

"మొదలెట్టండి," అంది క్లబ్బు నడిపే దుర్గాంబ టీచరు.

సాయిదత్త రాజు పక్క గుర్రం ముందున్న తెల్లబంటును ఒకేసారి రెండు గళ్లు తోశాడు. రాజు ఇంటి ప్రహరీని తనే పడగొట్టుకునేవాణ్ణి తిమోతి ఎక్కడా చూడలేదు.

"ఇదేటి బాబూ, ఎత్తా, సెయ్యి జారిందా?"

"సర్‌ప్రైజ్ అంకుల్. మీ కాలంలో లేదులెండి."

తిమోతి మంత్రి ముందు బంటును రెండు గళ్లు జరిపాడు. సాయిదత్త శకటును బయటికి తీసి, ముందుకెళ్లిన బంటును కాపలా లేకుండా వదిలేసి, చేతులు కట్టుకున్నాడు. తిమోతి శకటుకు అందే గడిలోనే ఉందది.

"తీసుకోండంకుల్. ఫ్రీ."

ఆ మాటకి తిమోతి చెయ్యి వెనక్కొచ్చేసింది. ముప్పయ్యేళ్ల వ్యాపారంలో ఆయనకెవరూ ఏదీ ఊరికే ఇవ్వలేదు. రోలుగుంట నుంచి దిమ్మలొస్తే పైన చూడడు, బోర్లించి అడుగు చూస్తాడు. మడ్డి చేరేది అక్కడే. బల్లను బోర్లించలేడు గనక లేచి, తాపీగా నడిచెళ్లి సాయిదత్త కుర్చీ వెనక నిలబడ్డాడు.

అక్కణ్ణుంచి అంతా కనిపించింది. వీడి శకటు మూల నుంచి మూలకు గురిపెట్టి ఉంది. ఆ ఫ్రీ బంటు కోసం తన శకటు వెళ్లిపోతే అవతలి మూల తన ఏనుగు ముందు కాపలా ఉండదు. మధ్య బంటుకి ఇంకో ఎర వేసి పక్కకు లాగితే దారి బార్లా తెరుచుకుంటుంది.

మడ్డే, అనుకున్నాడు.

తిరిగొచ్చి ఫ్రీ బంటును ముట్టుకోలేదు. మధ్య బంటుకు దన్నుగా ఇంకో బంటును ఒక్క గడి జరిపాడు. దారి మూసుకుపోయింది, సాయిదత్త నవ్వూ మూసుకుపోయింది. అతని ఫోను నేర్పింది అక్కడికే సరి. ముప్పయ్యో ఎత్తుకి ప్రహరీ లేని రాజు నడివీధిలో చిక్కాడు.

"అలా వెనక నుంచి చూడొచ్చా టీచర్?" అన్నాడు సాయిదత్త.

"కుర్చీకి కట్టేసుకుని ఆడమని ఏ రూలూ లేదమ్మా," అంది దుర్గాంబ.

"అవతలోడికి కాళ్లుంటాయని నీ ఫోను సెప్పలేదేటి బాబూ?" అన్నాడు తిమోతి. అందరూ నవ్వి వెళ్లిపోయారు.

సాయిదత్త కూడా లేవబోయాడు. తిమోతి అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

"ఆ దిక్కుమాలిన ఎత్తు మళ్లీ మొదట్నుంచి సూపించు."

"దిక్కుమాలిందన్నారుగా?"

"దిక్కుమాలిందే. గానీ మాడుగులోళ్లు హల్వా పొట్లం ముందెట్టుకుని కూకున్నారంటే, ఆటయ్యేదాకా కుర్సీలోంచి లెగరు."