మూడు నోళ్ళూ ఒకటైన రోజు

భీమడోలులో జనం పొద్దున్నే మూడూ చూసిగాని గుమ్మం దిగేవారు కాదు. ఏలూరు నుంచి వచ్చే 'కొల్లేటి కబురు' పేపరు, తాడేపల్లిగూడెం కేబుల్ చానలు, పైన రేడియో. ఇక్కడ వార్త చెప్పారంటే పొద్దు వాలేలోగా అది జరిగి తీరుతుంది. అదృష్టం ఏమిటంటే మూడింటికీ ముగ్గురు యజమానులు, ముగ్గురికీ ఒకరంటే ఒకరికి పడదు. పేపరు వానంటే కేబులు ఎండనేది, రేడియో మబ్బనేది. నాలుగు చినుకులు పడి కళ్ళంలో ధాన్యం పైపైన తడిసేది. ఒకరు పోయాడన్న మనిషిని ఇంకొకరు ఉన్నాడనేవారు, ఆ మనిషి కొన్నాళ్ళు మంచాన పడి లేచేవాడు. అలా ఎవరి అబద్ధమూ ఎవరికీ పూర్తిగా తగలకుండా ఊరు నెట్టుకొచ్చింది.

పేపరున్నవాడు చానలూ రేడియో కొనకూడదన్న నిబంధనని సడలిస్తామని సర్కారు ప్రకటించింది. అభ్యంతరాలుంటే ఏలూరు వచ్చి చెప్పుకోమంది. కొల్లేటి గట్టున చేపల చెరువులన్నీ తనవే అయిన దేవరాజు మూడూ కొనడానికి కాచుకుని ఉన్నాడని అందరికీ తెలుసు. అయినా ఊరినుంచి వెళ్ళింది ఒక్కరే. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన కృపావరం మాస్టారు.

"ఎవరు కొంటే మనకేంటండీ, రిమోటు మన చేతిలోనే ఉంటుందిగా," అన్నారు మిగతావాళ్ళు. ఊరివాళ్ళ తెలివి అంతటిది మరి.

"చెప్పే నోరు ఒకటే అయితే కాదనే నోరేదండీ?" అని మాస్టారు ఏలూరు సభలో మైకులో అడిగారు. ఎవరో ఫొటో తీసుకున్నారు. నిబంధన సడలిపోయింది.

దేవరాజు మూడూ కొని, తాడేపల్లిగూడెంలో మూడింటికీ కలిపి ఒకటే వార్తల డెస్కు పెట్టాడు. ఒకరోజు కొల్లేటి గట్టు మీద కృపావరం అనే చెరువు కాపలాదారు పాము కరిచి పోయాడు. డెస్కులో ఆ పేరు మీద ఉన్నది మాస్టారి ఫొటో ఒక్కటే. మర్నాడు పొద్దున పేపరూ కేబులూ రేడియో ఒకే గొంతుతో భీమడోలు కృపావరం మాస్టారు కన్నుమూశారని చెప్పాయి.

పక్కింటి సత్యవతి బంతిపూల దండ పట్టుకొచ్చింది.

"అయిపోయిందటగా మాస్టారూ?"

"ఇంకా లేదండీ. పొద్దు వాలేలోగా అవుతుంది కదా. కాఫీ తాగుతారా?"

చర్చి సంఘపెద్ద వెస్లీ వచ్చి, ఏ కీర్తన పాడించమంటారో అడిగి మరీ వెళ్ళాడు. మధ్యాహ్నానికి మాస్టారికి జ్వరం వచ్చి కాళ్ళు చల్లబడ్డాయి. భార్య ఎప్పుడో పోయింది. ఉన్నది ఒక్కతే కూతురు ప్రసన్నకుమారి. గూడెం కేబుల్లో సాయంత్రం వార్తలు చదివేది ఆ అమ్మాయే.

ఆమె దేవరాజు గదిలో ఏడుస్తూ నిలబడింది. "పొరపాటయిందని ఒక్క ముక్క వేయించండి సార్. మా నాన్న సాయంత్రం దాకా ఉండరు."

"అయ్యో, మీ నాన్నగారా అమ్మా!" దేవరాజు నిజంగానే నొచ్చుకున్నాడు. "కానీ మూడింట్లోనూ వచ్చేసింది కదా. తప్పు రాశామని మనమే చెప్పుకుంటే రేపు మనల్ని ఎవరు నమ్ముతారు? రేపు ఆయన ఫొటో అరపేజీ వేయిస్తాలే. రంగుల్లో."

ఆ సాయంత్రం ప్రసన్నకుమారి చదవమని తనకిచ్చిన కాగితం పక్కన పెట్టేసి కెమెరాలోకి చూసింది. "భీమడోలు కృపావరం మాస్టారు బతికే ఉన్నారు. నేను ఆయన కూతుర్ని. చెబుతున్నాను." అంతే, తెర నల్లబడింది. అక్కడ భీమడోలులో ఎగశ్వాస పడుతున్న మాస్టారు కళ్ళు తెరిచారు. జ్వరం మాత్రం అలాగే ఉంది.

దేవరాజుకి కోపం రాలేదు. కోపం చేతకానివాడికి. మర్నాడు పొద్దున మూడింట్లోనూ ఒకే వార్త వచ్చింది. "కృపావరం మాస్టారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారు. ఆయన మరణించారని తప్పుడు వార్త చొప్పించినది మా సంస్థలోని ఒక యువతి. ఆయన కూతురినని ఆమె చెప్పుకుంటోంది. మాస్టారికి సంతానం లేదు."

ప్రసన్నకుమారిని ఆ రోజంతా ఆఫీసులో కూర్చోబెట్టి, సంజాయిషీ రాయించుకుని సాయంత్రం వదిలారు. పాసింజరు రైల్లో పక్కవాళ్ళు ఆ వార్తే మాట్లాడుకుంటుంటే, మాస్టారికి సంతానం లేదన్న ముక్క ఆమె చెవిన పడింది. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి. పూళ్ళ స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ కోసం బండి ఆపేశారు. కిటికీలోంచి చూస్తుండగానే సూర్యుడు చేలల్లోకి దిగిపోయాడు.

మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని, నిక్షేపంలా కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"నాన్నా!"

ఆయన కళ్ళజోడు సవరించుకుని లేచి నిలబడ్డారు. "ఎవరు కావాలమ్మా? ఇల్లు పొరబడ్డట్టున్నారు. మాకు పిల్లల్లేరండి. బాగా అలిసిపోయి వచ్చారు, కూర్చోండి, మంచినీళ్ళు తెస్తాను."

తెచ్చి ఇచ్చారు. ఆమె తాగింది.

మాస్టారు పేపరు ఆమెకి చూపించారు. "చూశారా అండీ, ఎవరో అమ్మాయట, బతికున్న నన్ను చంపేసింది. తెలియని పిల్ల, దానిమీద నాకేం కోపం లేదు. ఆ పిల్లని కన్న తండ్రి ఎవరోగాని, ఆయన్ని తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతోంది."