ఆరు నిమిషాల టీ

టీ కంపెనీలో జుర్రుమాస్టారంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ, దాన్ని పైకి చదవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. కొత్తగా చేరినవాళ్ళకి టీ జుర్రడం నేర్పేది ఆయనే కాబట్టి ఆ పేరు. నవ్వకండి, అదీ ఒక విద్యే. చెంచాడు టీని పెదవుల దగ్గర పెట్టుకుని గదంతా వినపడేలా ఒక్క పీల్పు పీలిస్తే, అది నాలుక మీద, అంగిట్లో, ముక్కు వెనకాల ఒకేసారి చిమ్మాలి. మర్యాదగా తాగేవాడు ఆ ఉద్యోగానికి పనికిరాడు.

పొద్దున్న తొమ్మిదింటికి రుచిగదిలో పొడుగాటి తెల్లబల్ల మీద మూతలున్న పింగాణీ కప్పులు వరసగా ఉంటాయి. ఒక్కోదాంట్లో తూచి వేసిన ఆకు, దాని మీద సలసలా కాగిన నీళ్ళు, మూత, సరిగ్గా ఆరు నిమిషాలు. పాలుండవు, చక్కెర ఉండదు. తర్వాత వాటిని తెల్లగిన్నెల్లోకి వంచుతారు. మాస్టారు గిన్నె గిన్నెకీ ఆగి, జుర్రి, పుక్కిలించి, మోకాలితో తోసుకుంటూ వచ్చే చక్రాల తొట్టిలో ఉమ్మి, ఒక్క మాట చెబుతారు. "తడి తగిలింది." "పొగ." "గోనెసంచి వాసన." వెనకాల నడిచే గుమాస్తా అది రాసుకుంటాడు. మధ్యాహ్నానికి మూడువందల గిన్నెలవుతాయి. ముప్ఫై ఏళ్ళలో మాస్టారు ఒక్క గుటక కూడా మింగలేదు. అన్నీ మింగితే మనిషి ఏమైపోతాడో మీరే ఆలోచించండి.

ఇదంతా ఆఫీసు వరకే అయితే గొడవ లేదు. అసలు చిక్కేమిటంటే, టీ విషయంలో ఆయనకి అబద్ధం నోట్లోకి రాదు. మిగతా విషయాల్లో అందరిలాగే ఆడతారు. పక్కింటావిడ పాడితే బాగుందంటారు, మేనేజరు జుట్టుకి వేసిన రంగు తెలియడం లేదంటారు. టీ నాలుకకి తగిలిందా, నిజం దానంతటదే బయటికొచ్చేస్తుంది. ఒకసారి తోడల్లుడు కొత్త ఇల్లు చూసి పొమ్మని పిలిచాడు. వాళ్ళిచ్చిన టీని మాస్టారు జుర్రి, "ఎలకలు తిరిగిన ఆకు" అని, అలవాటు కొద్దీ పక్కనున్న పూలకుండీలో ఉమ్మేశారు. ఆ మొక్క వారానికి చచ్చిపోయింది. దానికి వేరే కారణాలున్నాయని ఆయన ఇప్పటికీ వాదిస్తారు. తోడల్లుడు మాట్లాడ్డం మానేసి ఏడేళ్ళయింది.

అందుకే కూతురికి భయం పట్టుకుంది. ఆ పిల్ల ఒక కళ్ళద్దాల దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తుంది. అదే దుకాణంలో అద్దాలు అరగదీసే అతన్ని పెళ్ళి చేసుకుంటానంది. ఇంట్లో అతన్ని అద్దాలబ్బాయి అనేవారు. నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు, వంక పెట్టడానికి ఏమీ లేదు. అతనికి తండ్రి లేడు. తల్లి ఇంటి ముందుగదిలో మిషన్లు వేసుకుని బట్టలు కుడుతుంది. ఆదివారం సాయంత్రం వస్తే అందరం కూర్చుని మాట్లాడుకుందామని ఆవిడ కబురు పెట్టింది. టీ తాగనిదే మా అమ్మ ఎవరినీ కదలనివ్వదని అద్దాలబ్బాయి మురిపెంగా చెప్పాడు. ఆవిడ ఒక మాట పడే మనిషి కూడా కాదట. కుట్టు వంకరగా ఉందన్న పాపానికి, పాతికేళ్ళుగా వస్తున్న ఒకావిణ్ణి మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వలేదట. అది విన్నప్పటి నుంచి పిల్లకి తిండి సహించలేదు.

"నాన్నా, ఆ ఇంట్లో టీ గురించి నువ్వు ఒక్క మాటన్నావంటే ఈ పెళ్ళి జరగదు" అని తండ్రికి ఎదురుగా కూర్చుని చెప్పింది.

మాస్టారుకి ఉన్నది ఒక్కత్తే కూతురు. మామూలు మనుషుల్లా టీ తాగడం నేర్చుకుంటానని మాటిచ్చారు.

వారం రోజులు పొద్దున్నే వంటింట్లో తర్ఫీదు. టీ మాస్టారే పెట్టారు. ఆ ఇంట్లో వంటంతా భార్య ఇష్టం, టీ దగ్గరికి మాత్రం ఇంకొకర్ని రానివ్వరు. చిన్న త్రాసు, మూతల కప్పులు, ఆరు నిమిషాలు, కంపెనీలో ఎలాగో ఇంట్లోనూ అలాగే. భార్యకీ కూతురికీ కప్పుల నిండా పోసి, తను ఒక చెంచా జుర్రి, సింకులో ఉమ్మి, చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళడం ఇరవయ్యారేళ్ళ అలవాటు. ఇప్పుడు కూతురు ఆయన్ని బల్ల ముందు కూర్చోబెట్టి చెంచా లాగేసుకుంది. జుర్రకుండా తాగడం మంగళవారానికి వచ్చింది. పుక్కిలించకపోవడం బుధవారానికి వచ్చింది. గురువారం మొదటిసారి మింగారు. గొంతు పొడవునా ఏదో చేదుగా గీరుకుంటూ దిగినట్టనిపించింది. గొంతుకి కొత్త కదా, అలాగే ఉంటుంది కాబోలనుకున్నారు. "బాగుంది" అనడం మాత్రం శనివారానికి కూడా రాలేదు. ఆ మాట సగంలో ఆగిపోయి దగ్గుగా మారిపోయేది. చివరికి తల్లీకూతుళ్ళు ఆలోచించి, నోరు విప్పకుండా తల ఊపితే చాలని రాజీకొచ్చారు.

ఆదివారం వెళ్ళారు. ముందుగది నిండా గుడ్డల తానులు, గోడకి కాగితపు నమూనాలు, కిటికీ పక్కన రెండు మిషన్లు. కుట్టుపనావిడ పొట్టిగా, మెడలో కొలత టేపుతో, ఏ మనిషిని చూసినా భుజం కొలత తీసుకుంటున్నట్టు చూసేది. మంచీ చెడ్డా మాట్లాడింది. పిల్ల నచ్చిందని పిల్ల ముందే చెప్పింది. అంతా సవ్యంగా జరిగిపోతున్న ఆ సమయంలో లోపలికెళ్ళి టీ తెచ్చింది.

అద్దాలబ్బాయి కప్పు తీసుకుని నిమ్మళంగా తాగడం మొదలుపెట్టాడు. మాస్టారు ఒక గుక్క తాగారు. ముప్ఫై ఏళ్ళలో గోనెసంచీలు, తడి గోడౌన్లు, పొగ, ఎలకలు, కిరసనాయిలు, అన్నీ చూసిన నాలుక అది. అయినా బెదిరింది. కూతురి ముఖం చూసి, కళ్ళు మూసుకుని మింగారు. తల ఊపారు. కూతురికి ఊపిరి తిరిగింది. ఇంకో గుక్క తాగి ఇంకోసారి ఊపారు. భార్య ఆయన వైపు గర్వంగా చూసింది.

"అన్నయ్యగారూ" అంది కుట్టుపనావిడ. "టీ రుచి చూడ్డమే ఉద్యోగంగా ఉన్నవారు. తల ఊపితే నాకేం తెలుస్తుంది? నోటితో చెప్పండి, ఎలా ఉంది?"

బల్ల కింద భార్య మాస్టారు కాలు తొక్కింది. కూతురు కళ్ళతోనే బతిమాలింది. ఆయన మనస్ఫూర్తిగా ప్రయత్నించారు, అందులో సందేహం లేదు. "బా" వరకు వచ్చారు కూడా.

"బట్టల బీరువాలో కలరా ఉండల పక్కన పెడుతున్నారు ఆకు డబ్బాని. పొద్దుటి ఆకునే మళ్ళీ మరిగించారు. పాలు అడుగంటాయి."

కూతురు కప్పు కింద పెట్టి నేల వైపు చూస్తూ ఉండిపోయింది. కనీసం "నాన్నా" అని కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారుకి. చేజేతులా, కాదు, నోరారా పిల్ల పెళ్ళి చెడగొట్టానని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కుట్టుపనావిడ లేచింది. బీరువా తెరిచి, మడతపెట్టిన గుడ్డల మధ్య నుంచి ఒక డబ్బా తీసి, మూత తెరిచి వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

నాలుగేళ్ళ కింద వంటింటికి సున్నం వేయించినప్పుడు డబ్బాని బీరువాలోకి మార్చిందట, మళ్ళీ తీయలేదట. అయితే నాలుగేళ్ళుగా ఈ కంపే తాగుతున్నావా అని అడిగింది. అద్దాలబ్బాయి అలవాటైపోయిందమ్మా అన్నాడు. ఎందుకు చెప్పలేదంటే నువ్వు బాధపడతావని అన్నాడు. ఆవిడకి ఒళ్ళు మండింది. కొడుకు చుక్క మిగల్చకుండా తాగుతుంటే తేడా వచ్చింది తన నాలుకకేననుకుని, వయసైపోయిందనుకుని ఆవిడ టీ మానేసిందట. ప్రాణంగా తాగేదాన్ని నాలుగేళ్ళు మానేసి, వీడికోసమని రోజూ పెట్టిందట. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఎక్కువైతే ఇల్లు ఇలాగే తగలడుతుందని కొడుకుని కడిగేసింది. ఆ తర్వాత మాస్టారు వైపు తిరిగి, ఇన్నాళ్ళకి ఈ ఇంటికొక మనిషి వచ్చాడు, లేవండి అన్నయ్యగారూ, మంచి టీ ఎలా ఉంటుందో మీరే పెట్టి చూపించండి అంది.

కూతురు తలెత్తింది. మాస్టారుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆకు పొట్లం, చిన్న త్రాసు ఆయన సంచీలో ఎప్పుడూ ఉంటాయి. వంటింట్లోకి వెళ్ళి గిన్నె రెండుసార్లు కడిగారు, ఆకు తూచారు, నీళ్ళు కాగగానే పోసి మూతపెట్టారు. ఆరు నిమిషాల పాటు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. కప్పుల్లోకి వంచి అందరికీ తనే అందించి, వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడ్డారు.

అద్దాలబ్బాయి ఒక గుక్క తాగాడు. "చాలా బాగుందండీ" అన్నాడు.

మాస్టారు పొంగిపోయారు. పొంగిపోతూ ఉండగానే ఏదో అడ్డం పడింది. కనురెప్పలు సగం వాలి, పెదవుల చివర మర్యాదగా ఒక నవ్వు. అరగంట కింద కలరా ఉండల టీ తాగినప్పుడు కూడా ఈ అబ్బాయిది ఇదే ముఖం. కూతురి వైపు చూశారు. అదే ముఖం. భార్య వైపు చూశారు. అక్కడా అదే ముఖం. ఇరవయ్యారేళ్ళుగా రోజూ పొద్దున్నే వంటింట్లో చూస్తున్న ముఖం అది. టీ అంత బాగున్నందుకు అలా పెడతారని ఆయన ఇన్నాళ్ళూ అనుకున్నారు.

కుట్టుపనావిడ మాత్రం మాస్టారులాగే గట్టిగా జుర్రింది. ఒక క్షణం ఆగి, బుగ్గలు నిండి ఉండగానే లేచి వంటింట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది. "చేదు. నాలుక గీరుకుపోయింది" అంది. "ఏమీ అనుకోకండి, మీ దారిలోనే చెప్పాను."

మాస్టారు వివరించబోయారు. ఇది తాగడానికి పెట్టే పద్ధతి కాదమ్మా, ఆకులో ఉన్న లోపాలన్నీ బయటపడేలా నానబెట్టే పద్ధతి, ఆరు నిమిషాలు ఉంచేదే అందుకు అని చెబుతూ చెబుతూ, తన మాటలు తనకే వినపడి నెమ్మదించారు.

"తప్పులు పట్టడానికి పెట్టే టీని ఇంట్లోవాళ్ళకెందుకు పోస్తున్నారు మరి?" అని అడిగిందావిడ.

మాస్టారు భార్య వైపు తిరిగి, ఎన్నాళ్ళ నుంచి ఇలా అని అడిగారు. మొదటిరోజు నుంచీ అందావిడ. చెప్పొచ్చు కదా అన్నారు.

"అంత శ్రద్ధగా తూచి పెడుతుంటే ఎలా చెప్పనండీ?" అంది భార్య. "మీకేం, ఉమ్మేసి ఆఫీసుకి వెళ్ళిపోతారు. మింగేది మేము."

ఆ గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడమే ఆయనకి ఎక్కువగా తగిలింది. మిషను ముందున్న స్టూలు మీద కూలబడ్డారు. సిగ్గేసింది. తన కోసం ఒక మనిషి ఇన్నేళ్ళు రోజూ ఒక కప్పు చేదు మింగిందంటే భార్య మీద జాలీ ప్రేమా రెండూ కలిసి ముంచుకొచ్చాయి. ఆ వెనకే భయం వేసింది. కూతురికి ఆ ముఖం తల్లి దగ్గర అబ్బింది. ఈ అబ్బాయికి నాలుగేళ్ళ అనుభవం ఎలాగూ ఉంది. ఇద్దరూ ఒకే కప్పు కింద చేరితే జన్మంతా ఒకరిది ఒకరు మింగుతూ, మర్యాదగా నవ్వుతూ బతికేస్తారు. ఎవరికీ ఏమీ తెలియదు.

దుకాణంలో మధ్యాహ్నం టీ ఎవరు పెడతారు బాబూ అని అడిగారు. మీ అమ్మాయేనండీ అన్నాడు అద్దాలబ్బాయి. ఎలా ఉంటుందన్నారు. అతని కనురెప్పలు మెల్లిగా వాలడం మొదలుపెట్టాయి. మాస్టారు వేలెత్తి ఆపారు.

"ఆ ముఖం వద్దు. మీ అమ్మకి పెట్టిన ముఖమే నా కూతురికీ పెడతానంటే ఈ పెళ్ళికి నేనే ఒప్పుకోను."

అద్దాలబ్బాయి తల్లి వైపు చూశాడు. ఆవిడ కొలత టేపు సర్దుకుంది తప్ప సాయానికి రాలేదు. పిల్ల వైపు చూశాడు. పిల్ల, ఏం చెబుతావో చెప్పు అన్నట్టు చూస్తోంది.

"గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంటుందండి" అన్నాడు.

పిల్ల ముఖం ఎర్రబడింది. రెండేళ్ళుగా రోజుకి రెండు కప్పులు అడిగి మరీ తాగుతున్నావు కదా అంది. నువ్వు ఆశగా పోస్తుంటే కాదనలేక తాగానన్నాడు. అయితే రేపటి నుంచి నువ్వే పెట్టుకో అంది. అక్కడితో ఆగకుండా, నువ్వు అరగదీసే అద్దాల్లో సగం ఎగుడుదిగుడే, వచ్చినవాళ్ళకి సర్దిచెప్పలేక నా నోరు పడిపోతోంది, ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదంతే అంది. సగం కాదు, నెలకి రెండో మూడో అన్నాడతను, మొదటిసారి గొంతు పెంచి. ఏ రెండో ఏ మూడో వేళ్ళు మడిచి చెబుతానంది పిల్ల.

మాస్టారు కాసేపు విన్నారు. వాళ్ళ మాటలు వీధిలోకి వినపడుతుండగా, స్టూలు కుట్టుపనావిడ దగ్గరికి జరుపుకుని, పెళ్ళి ఏ నెలలో పెట్టుకుందాం చెల్లెమ్మా అని అడిగారు.