పది నిమిషాలు చాలవు

ఓడ మీద ఉద్యోగానికి వెళ్తూ మొగుడు ఆమెకు రెండు పనులు అప్పగించాడు. రోజూ తనతో ఫోన్లో మాట్లాడాలి, రోజూ కారు స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచాలి. పదిహేను వందల సీసీ, టర్బో డీజిల్, స్పీడందుకుంటే పులే అని ఆ కారు గురించి పెళ్ళిసంబంధం చెప్పినట్టు చెప్పేవాడు. ఆమెకు అందులో ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ ఇంజన్ చప్పుడు మాత్రం కావాలి. వీధి మలుపులో అది వినపడిందంటే ఆయన వచ్చినట్టే. అందుకే ఎనిమిది నెలలుగా పక్క సీట్లో కూర్చుని, చేయి చాచి తాళం తిప్పి, కళ్ళు మూసుకుని వింటోంది.

నిన్న ఫోన్లో, “ఇంకో ఆరు నెలలు ఉండమంటున్నారు, రేపు జవాబు చెప్పాలి, ఏమంటావు?” అన్నాడు. “మీ ఇష్టం,” అంది. పెట్టేశాక ఏడ్చింది.

ఇవాళ కారులో స్టీరింగు ముందు పసుపు హెచ్చరిక దీపం వెలిగింది. నత్తలా పాకించుకుంటూ గ్యారేజీకి తెచ్చింది. అక్కడి ముసలి మెకానిక్‌ను అందరూ పొగ బాబాయి అంటారు. ఒకప్పుడు పొగ రంగు చూసే రోగం చెప్పేవాడు. ఈ కొత్త బండ్లు పొగ వదలవని ఆయనకు దిగులు. విసుక్కుంటూనే కంప్యూటర్ తగిలించాడు.

“టర్బో బాగుంది తల్లీ, ఇంజెక్టర్లూ బాగున్నాయి. మసి ఫిల్టర్ మూసుకుపోయింది. దూరం తిప్పుతున్నావా?”

“అసలు కదపను బాబాయ్. కంటికి రెప్పలా చూసుకుంటున్నా. రోజూ పది నిమిషాలు ఆన్ చేసి ఉంచుతా, అంతే.”

“కొంప ముంచింది అదే. నిలబెట్టి ఉంచితే మసి పేరుకుంటుందే గానీ కాలదు. పెద్ద రోడ్డెక్కి గంటసేపు గట్టిగా తోలాలి. అప్పుడే లోపలున్నదంతా కాలిపోతుంది.”

ఆమె బెంచీ మీద కూలబడింది. తిన్నారా, పడుకున్నారా, అక్కడ వానా. ఎనిమిది నెలలుగా ఫోన్లో రోజూ పది నిమిషాలు ఇవే మాటలు. అసలు మాట ఒక్కటీ బయటికి రాలేదు.

అంతలో ఫోన్ మోగింది.

“కారు స్టార్ట్ చేశావా?” అన్నాడు మొగుడు.

“గ్యారేజీలో ఉన్నా. పది నిమిషాలు ఏ మూలకీ చాలవట.”

“మరి ఎంతసేపు కావాలట?”

“కారు సంగతి ఉండనివ్వండి. నిన్న మీ ఇష్టం అన్నాను చూడండి, అది అబద్ధం. నాకు మీరు కావాలి. వచ్చేయండి.”



“జవాబు ఇంకా పంపలేదు,” అన్నాడాయన. “నువ్వు ఈ మాట అంటావేమోనని.”