మంచం దాకా వచ్చిన తోట

పొద్దున్నే కోడలు వంటింటి తలుపు తీసి, పుదీనాను కాలితో కాస్త పక్కకు జరిపి, టమాటా మొక్కలను దాటుకుని పొయ్యి మీద టీకి నీళ్లు పెడుతుంది. నీళ్లు మరిగేలోపు కుట్టు మిషను తుడిచి, నిన్న కుట్టిన చొక్కాలన్నీ చిక్కుడు తీగకు తగిలిస్తుంది. ఆ తీగ పెరటి కిటికీలోంచి దూరి, హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి సాగి, అత్తగారి గదిలోకి పోయింది. దండెం కొనే పని తప్పిందని కోడలు సంబరపడింది కూడా.

అత్తగారిని వీధి వీధంతా ఫిర్యాదులావిడ అంటుంది. పాపం, ఆవిడ ఎవరి మీదా పల్లెత్తు మాట అని ఎరగదు. కరెంటాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చుంది, అంతే. మా ఇంట్లో బల్బు వెలగలేదని ఒకరు, పక్కింట్లో బల్బు మరీ వెలుగుతోందని ఒకరు వస్తూనే ఉండేవారు. అందరి గోడూ విని పుస్తకంలో రాసేది. వైరు తెగిపడిందంటే మాత్రం పైన ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని రాసి కింద గీత గీసేది. విని విని చెవులు తుప్పు పట్టాయేమో, ఉద్యోగం ఆఖరి రోజున ఒట్టు పెట్టుకుంది, ఇక ఈ జన్మలో తన నోట ఫిర్యాదన్నది రాకూడదని. ఆ తర్వాత పెరట్లో తోట వేసుకుని హాయిగా ఉంది.

రెండేళ్ల కిందట గుండె దడ వస్తే డాక్టరు మాత్ర రాశాడు. ఆర్నెల్ల కిందట ఆ మాత్ర మోతాదు పెంచాడు. దడ పోయింది, దాంతోపాటు ఓపికా పోయింది. చెంబెడు నీళ్లు మోస్తే కాళ్లు తేలిపోయేవి. పెరట్లోకి ఉన్నవి మూడే మెట్లు, మూడింటి మీదా కూర్చుని లేవాల్సొచ్చేది. "డెబ్బై నాలుగంటే మాటలా, వయసు" అని తనకు తనే సర్దిచెప్పుకుని ఆవిడ మంచమెక్కింది.

ఆవిడ తోటలోకి వెళ్లకపోయేసరికి తోటే ఆవిడ దగ్గరికి బయల్దేరింది. ముందు చిక్కుడు వచ్చింది. తర్వాత టమాటా మొక్కలు వేళ్లకంటిన మట్టి దులుపుకుని ఒక్కో మెట్టూ ఎక్కాయి. పుదీనా రోజుకో జానెడు పాకింది. బంతి మొక్కలు మంచం చుట్టూ చేరి పలకరించడానికొచ్చిన చుట్టాల్లా నిలబడ్డాయి. గుమ్మడి పాదుకు ఒళ్లు బరువు, అదొక్కటే పెరట్లో గోడ పక్కన ఉండిపోయింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, మొక్కలను తొక్కకుండా దాటుకుని, చేతుల పొడవు ఎంతో చెప్పి పోయేవారు.

అంతా బాగానే ఉంది కానీ, ఇంట్లో మట్టేదీ? గచ్చు మీద మొక్క ఎన్నాళ్లు బతుకుతుంది? ఆకులు పసుపెక్కాయి. కోడలు మూడుసార్లు మోసుకెళ్లి పెరట్లో నాటింది. టీ తాగి చూసేసరికి మూడుసార్లూ మళ్లీ మంచం దగ్గరే ఉన్నాయి. ఆవిడ లేచి ముందు నడిస్తే తప్ప అవి కదలవని ఇద్దరికీ అర్థమైంది.

"నా కోసం వచ్చి నా కళ్ల ముందే ఎండిపోతున్నాయే అమ్మాయ్" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

గుమ్మడికి మాత్రం దిగుల్లేదు. గోడవతల టైపు మాస్టారు రోజూ గొట్టంతో దానికి నీళ్లు కొట్టేవాడు. ఒకప్పుడు ఊళ్లో సగం మందికి టైపు నేర్పినాయన. ఇప్పుడు ఎవరూ రాకపోయినా పొద్దున ఓ గంట ఒక్కడే టకటకలాడించేవాడు. "ఏమండీ ఫిర్యాదులావిడా, మీ గుమ్మడి ఆకులన్నీ నాకేసి తిప్పింది. ఇక నాదే!" అని గోడ మీంచి అరిచేవాడు. అరవడానికి ఓపిక లేక ఆవిడ కిటికీలోంచి నవ్వేది.

చివరికి కోడలు పట్టుబట్టి ఆవిడను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. టమాటా మొక్క ఒకటి, ఎంత అదిలించినా వినకుండా, బండెక్కి వెంట వచ్చింది. డాక్టరు గదిలో అది ఆవిడ కుర్చీ కింద వాలిపోయి కూర్చుంది.

"ఎలా ఉన్నారమ్మా?"

"బాగానే ఉన్నాను బాబూ."

ప్రతిసారీ అదే జవాబు. డాక్టరు రాసుకోబోయి కుర్చీ కిందికి చూశాడు. "ఇది ఎన్నాళ్ల నుంచి మీ వెంట తిరుగుతోంది?"

"ఆర్నెల్లయింది డాక్టరుగారూ" అంది కోడలు. "ఇదొక్కటేనా, ఇంట్లో ఇంకో పదహారున్నాయి."

డాక్టరు పాత కాగితాలు తిరగేశాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాడు. "నిమిషానికి నలభై నాలుగే. మాత్ర పెంచి కూడా ఆర్నెల్లే. ఇది వయసు కాదమ్మా, మాత్ర! నీరసంగా ఉందని ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెబితే ఫిర్యాదవుతుంది కదా బాబూ."

కోడలు తల బాదుకుంది. ఉన్నపళంగా మానేయకూడదని, ఈ మాత్ర తగ్గిస్తూ కొత్తది మొదలుపెట్టాలని డాక్టరు రాసిచ్చాడు.

రెండు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున ఆవిడ మెలకువ వచ్చి, ఏమీ ఆలోచించకుండానే లేచి నిలబడింది. ఒళ్లు తేలిగ్గా ఉంది. హాలు దాటింది. మూడు మెట్లూ కూర్చోకుండా దిగింది. వెనక గలగలమంటే తిరిగి చూసింది. బంతి మొక్కలు, టమాటాలు, పుదీనా వరస కట్టి ఆవిడ వెనకే దిగుతున్నాయి. ఆవిడ గునపం తీసి గుంట తవ్వింది. ఇంకోటి తవ్వింది. మట్టి వాసన ముక్కుకు తగిలి "అబ్బ!" అని అక్కడే చతికిలబడి, ఎవరూ చూడట్లేదనుకుని పకపకా నవ్వింది. చిక్కుడు తీగ చొక్కాలన్నీ జారవిడిచి కిటికీలోంచి వెనక్కి వచ్చేసింది. "ఇప్పుడు దండెం కొనాలా!" అని లోపల్నుంచి కోడలు గోల.

నాలుగో రోజుకు ఆకులు పచ్చబడ్డాయి. ఆవిడ ఒక్కోదాన్నీ తడుముకుంటూ గోడ దాకా వచ్చి ఆగిపోయింది. గుమ్మడి లేదు. కాదు, పాదుంది, తీగంతా గోడెక్కి అవతలికి దిగిపోయింది. మొక్కల ధ్యాసలో పడి గమనించలేదు గానీ, టకటకలు విని ఎన్నాళ్లయింది? గొట్టం నీళ్లు పడి ఎన్నాళ్లయింది?

చేతుల మట్టి అయినా కడుక్కోకుండా పక్కింటికి నడిచింది. తలుపు ఓరగా ఉంది. గుమ్మడి తీగ గుడ్డలు కప్పిన టైపు మిషన్ల మధ్యగా పోయి మంచం కోడుకు చుట్టుకుంది. మాస్టారి తలగడ పక్కన పసుపు పువ్వొకటి విచ్చుకుని ఉంది.

"రండి, చూసి నడవండి. మీ గుమ్మడి వచ్చి వారమైంది" అన్నాడాయన పడుకునే.

"ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?"

"బాగానే ఉన్నాను. వయసు కదా."

ఆవిడకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఆర్నెల్లు తను చెప్పిన మాటే అది. బల్ల మీదున్న తెల్లకాగితం, ఎర్ర పెన్ను అందుకుంది. ఆయన విద్యార్థుల తప్పులు దిద్దిన పెన్ను. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది, కిటికీ వెనక కూర్చున్నంత నిటారుగా.

"సమస్య ఏమిటో చెప్పండి."

మాస్టారు పైకప్పు చూశాడు. "చేతులు లేవట్లేదండీ. పక్క మీంచి లేస్తే ఊపిరందట్లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీ గుమ్మడికి నీళ్లు పట్టలేకపోయినప్పటి నుంచి."

ఆవిడ అంతా రాసుకుంది. కిటికీలోంచి కోడల్ని కేకేసి వెంటనే బండి పిలవమంది. తర్వాత కాగితం పైన 'అత్యవసరం' అని రాసి, కింద గట్టిగా గీత గీసింది.