మగ్గిన ప్లాను

రోజూ పొద్దున తొమ్మిదింటికి అటెండరు సవరమ్మ గడ్డి గది తలుపు తీసి, వరిగడ్డి దులిపి, విద్యార్థులు పెట్టిన బొమ్మలన్నీ ఒకసారి తిరగేసేది. యూనివర్సిటీ డిజైన్ విభాగం బిల్డింగు ఒకప్పుడు మామిడికాయల గోడౌను. చేతులు మారినా ఆ గది పాత అలవాటు మానలేదు. ఏది పెట్టినా మగ్గబెట్టేది. వంకరగా గీసిన ముక్కు మూడో రోజుకి చక్కబడేది, వెలవెలబోయిన రంగు నాలుగో రోజుకి నిండుగా తేలేది. కాకపోతే మగ్గిన బొమ్మని ఆ రోజే ప్రదర్శనకి పెట్టేయాలి, లేకపోతే నల్లమచ్చ పడుతుంది. నూజివీడు మనుషులకి ఇందులో వింతేముంది?

ఇప్పుడు బిల్డింగుని ఆధునికంగా మారుస్తారట. మార్చండి, వద్దన్నదెవరు? కప్పు కారుతోంది, స్విచ్చి ముట్టుకుంటే షాకు కొడుతోంది. కానీ ఇంజనీరు రవిచంద్ర ప్లాన్లో గడ్డి గదినే ఎత్తేశాడు. గోడ కొట్టేసి, కిటికీలు మూసేసి, ఏసీ కంప్యూటర్ ల్యాబు చేస్తాడట! సోమవారమే పని మొదలు. విభాగాధిపతి హరిచందన పదకొండు ఉత్తరాలు రాసింది. పదకొండింటికీ ఒకటే జవాబు, పరిశీలనలో ఉందని. ఖర్మ!

మంగళవారం ఆమె మళ్ళీ వెళ్ళి అడిగింది.

"కంప్యూటర్లు ఎక్కడ పెట్టమంటారండీ, నా నెత్తినా?" అన్నాడు రవిచంద్ర.

హరిచందనకి ఒళ్ళు మండిపోయింది. ప్లాను లాక్కొచ్చి సవరమ్మ ముందు పడేసింది.

సవరమ్మ దాన్ని వేలితో నొక్కి చూసింది. "పచ్చిగా ఉంది మేడమ్‌గారూ. నాలుగు రోజులు పెడదాం."

శనివారం గడ్డి తీస్తే గుప్పున రసాల వాసన. ప్లాన్లో గడ్డి గది ఎక్కడిదక్కడే ఉంది. కిటికీలు తెరిచి ఉన్నాయి, కప్పు కొత్తది, మెట్ల పక్కన ర్యాంపు కూడా వచ్చింది. మరి కంప్యూటర్లు? అవి హరిచందన గదిలో కూర్చున్నాయి. పదిహేనేళ్ళుగా వరండాలో బల్ల వేసుకుని పనిచేస్తున్న మనిషికి ఈ బాగుచేతలో మొదటిసారి దక్కబోయిన గది అది.

"ఇంకో రెండ్రోజులు ఉంచితే మీ గది కూడా వచ్చుద్దేమో," అంది సవరమ్మ నెమ్మదిగా.

"మచ్చ పడదూ?"

"పడుద్ది."

హరిచందనకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. తర్వాత ముఖం కడుక్కుని ఇంజనీరు దగ్గరికి పరిగెత్తింది.

రవిచంద్ర పుట్టింది చాట్రాయి మామిడి తోటల్లోనే. కాగితం వాసన చూసి, "అబ్బ, ఎంత బాగా గీశానండీ!" అని మురిసిపోయాడు. "సోమవారం ఫైల్లో పెడతాను."

"సోమవారానికి కుళ్ళిపోతుంది. ఇప్పుడే సంతకం పెట్టండి."

ఆయన పెన్ను తీసి ఆగాడు. "మేడమ్, ఇందులో మీ గది లేదు. చూసుకున్నారా?"

"చూసుకున్నాను. ముందు సంతకం పెట్టండి."

పెట్టాడు. హరిచందన బల్ల ఇవాళ్టికీ వరండాలోనే ఉంది. వానొస్తే లోపలికి జరుపుకుంటుంది.