ఒడిలో బురద గొట్టం

రొయ్యల చెరువు అడుగు బురదను నిలువుగా గొట్టంలోకి తీసి, పొరలు చెదరకుండా ల్యాబుకి చేర్చడం చెల్లెలి ఉద్యోగం. ఆ రోజు ల్యాబు జీపు మొరాయించింది. చేసేది లేక గొట్టాన్ని ఒడిలో నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని బస్సులో కూర్చుంది. చంటిపిల్లనైనా ఎవరూ అంత జాగ్రత్తగా పట్టుకోరు.

మార్కెట్ దగ్గర అక్క ఎక్కింది.

చెల్లెల్ని తన మరిదికి చేసుకోవాలని అక్క ముచ్చటపడింది; చెల్లెలు ససేమిరా అంది. "బంగారం లాంటి సంబంధం కాదని బురద పిసుక్కుంటావా?" అన్నదే అక్క ఆఖరి మాట. తర్వాత ఎప్పుడు ఫోను చేసినా బావగారే ఎత్తేవారు. పాపం, ఆయన మాత్రం ఎన్ని అబద్ధాలని ఆడతారు? అక్క గొంతు వినాలని చెల్లెలి ప్రాణం కొట్టుకుపోయేది. కనీసం తిట్టినా బాగుండుననిపించేది.

ఖాళీ సీటు ఒక్కటే ఉంది, చెల్లెలి పక్కన. అక్క మూతి ముడుచుకుని కూర్చుంది.

ఇంతలో కండక్టర్ వచ్చి టికెట్ అన్నాడు. పర్సేమో సంచి అడుగున ఉంది. చెల్లెలు గొట్టం వైపు, అతని వైపు బిక్కమొహం వేసుకుని చూసింది.

"ఇటివ్వు," అంది అక్క, ఎటో చూస్తూ.

"ఒరగకూడదక్కా."

"నిన్నే ఎత్తుకుని పెంచాను. ఇదో లెక్కా?"

చెల్లెలు టికెట్ తీసుకుంది. గొట్టం మాత్రం తిరిగి అడగలేదు. గతుకు వచ్చినప్పుడల్లా అక్క దాన్ని ఒడిలోంచి కాస్త పైకెత్తి పట్టుకుంటోంది.

"ఏముందే ఇందులో?"

"మిగిలిపోయిన మేత, రొయ్యల పెంట కుళ్ళి అమోనియా అవుతుందక్కా. అది ఎక్కువైతే రొయ్యలు చచ్చిపోతాయి. పైన గోధుమరంగు పొరలో ఉన్న సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. కింద నల్లబురదలో గాలి ఆడదు. అక్కడుండేవి ఆ నైట్రేటుని మామూలు నైట్రోజన్ చేసి గాల్లోకి వదిలేస్తాయి. ఎంత వదులుతున్నాయో మేం చూస్తాం."

"వదిలేస్తాయా?"

"వదిలేస్తాయి."

అక్క వంగి గొట్టంలోని నల్లబురదని చూసింది. "మా మరిది కన్నా ఇదే నయంలే," అంది.

చెల్లెలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అంతలోనే అక్క దిగాల్సిన స్టాప్ వచ్చేసింది. ఇంకాస్త దూరం ఉంటే ఈ రోడ్డు సొమ్మేం పోయింది?

"అక్కా, నీ స్టాప్," అని గొట్టం కోసం చేతులు చాచింది.

అక్క కదల్లేదు. బస్సు బయల్దేరింది.

"ఎలా దిగనే? చేతులు ఖాళీ లేవుగా."